ముట్టుకోకుండా నాడి చూసిన కథ

1842 మార్చిలో ఒక ఉదయం ఫ్రెంచి కవి ఆల్ఫ్రెడ్ ద ముస్సే తల్లితోనూ, అన్న పాల్‌తోనూ కలిసి ఫలహారం చేస్తున్నాడు. ఉన్నట్టుండి అన్న చూపు తమ్ముడి తల మీద పడింది. అది సన్నగా, ఒక లయ తప్పకుండా ఊగుతోంది. తల్లీ అన్నా తనకేసి వింతగా చూస్తుంటే సంగతేమిటని కవి అడిగాడు. చెప్పారు. అది పైకి కనిపిస్తుందని తాను అనుకోలేదన్నాడాయన. చూపుడువేలూ బొటనవేలూ మెడ మీద ఆనించి నొక్కాడు. ఊగడం ఆగిపోయింది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ తాకిడికి తల కదులుతోందన్నమాట.

ఆ కవి 1857లో కన్నుమూశాడు. అన్న రాసిన జీవితచరిత్రలో ఈ ఫలహారం సంగతి మిగిలిపోయింది. గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని కవాటం సరిగా మూసుకోక నెత్తురు వెనక్కి కారే జబ్బు ఒకటుంది. ఆ జబ్బులో కనిపించే ఈ తల ఊగుడికి 1900లో ఒక ఫ్రెంచి వైద్యుడు కవి పేరే పెట్టాడు. గుంటూరులోనైనా, వరంగల్‌లోనైనా ఎంబీబీఎస్ విద్యార్థులు ఇవాళ్టికీ 'డి ముస్సే సైన్' అని దాన్నే బట్టీ పడతారు.

ఆ జాబితాలోనే ఇంకో పేరుంటుంది: 'క్వింకేస్ సైన్'. జర్మన్ వైద్యుడు హైన్రిష్ క్వింకే 1868లో దాన్ని వివరించాడు. గోరు కొసను కొంచెం నొక్కి పట్టుకుంటే, గోటి కింద ఎరుపు, తెలుపు గుండె చప్పుడుకు సరిపోయేలా మారుతూ ఉంటాయి. నెత్తురు వచ్చినప్పుడు ఎరుపు, తగ్గినప్పుడు తెలుపు.

జబ్బు ముదిరినవాళ్లలో ఇవి మామూలు కంటికే కనిపిస్తాయి. అయితే ఆరోగ్యంగా ఉన్న మనిషిలోనూ ఈ రెండూ క్షణం ఆగకుండా జరుగుతూనే ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా ప్రతి ముఖమూ కాస్త రంగు మారుతుంది, ప్రతి తలా కాస్త కదులుతుంది. అంత చిన్న మార్పు మన కంటికి ఆనదు. ఇరవై ఒకటో శతాబ్దంలో కెమెరా పట్టుకున్నది సరిగ్గా ఈ రెంటినే. మనిషిని ముట్టుకోకుండా, ఒంటికి ఏదీ అంటించకుండా, ఎదురుగా ఉన్న కెమెరాతో నాడిని లెక్కపెట్టే విద్యకు ఇంత పాత వేళ్లున్నాయి.

అంతకు ముందు వేల ఏళ్లూ నాడి చూడడమంటే చెయ్యి పట్టుకోవడమే. ఆయుర్వేద గ్రంథం శార్ఙ్గధర సంహిత వాతనాడిని పాము, జలగ నడకతోనూ, పిత్తనాడిని కప్ప, కాకి గెంతుతోనూ, కఫనాడిని హంస, పావురం నడకతోనూ పోల్చింది. తెలుగునేల వైద్యులు తరతరాలుగా ఆధారపడిన 'బసవరాజీయం' రోగాల జోలికి పోకముందే నాడీపరీక్ష చెబుతుంది. నాడి పట్టిన వైద్యుడి మూడు వేళ్లూ వెతికింది నాడి నడక తీరును. నిమిషానికి ఎన్నిసార్లు అన్న లెక్క ఆయనకు ముఖ్యం కాదు.

ఆ లెక్కకు ఇటలీలో ఒక పరికరం దొరికింది. పదిహేడో శతాబ్దం మొదట్లో పాడువా వైద్యుడు సాంటోరియో ఒక దారానికి గుండు కట్టి ఊపేవాడు. గుండు ఊపు రోగి నాడితో కలిసేదాకా దారాన్ని పొడుగో పొట్టో చేసేవాడు. అప్పుడు దారం పొడవే నాడి వేగానికి కొలత. 1707లో ఇంగ్లండ్ వైద్యుడు జాన్ ఫ్లోయర్ నాడి కోసమే ప్రత్యేకంగా ఒక గడియారం చేయించి దాని మీద పుస్తకం రాశాడు. సరిగ్గా ఒక నిమిషం నడిచి ఆగే గడియారమది.

వైద్యుడికీ రోగికీ మధ్య మొదటి ఎడం తెచ్చింది ఫ్రెంచి వైద్యుడు లెనెక్. 1816లో పారిస్‌లో ఒక యువతి ఛాతీకి చెవి ఆనించడానికి సంకోచించి, కాగితాల కట్టను గొట్టంలా చుట్టి దాని గుండా విన్నాడు. చెవి ఆనించిన దానికన్నా స్పష్టంగా వినిపించింది. స్టెతస్కోపుకు అదే పుట్టుక. ఈ కథలో గుర్తుపెట్టుకోవలసిన విషయం ఇది: దూరం జరగడం వల్ల సమాచారం తగ్గలేదు, పెరిగింది.

ఆ తర్వాత వెలుతురు వంతు. 1876లో జర్మనీలో కార్ల్ ఫోన్ వీరార్ట్ తన వేళ్ల మీద పడ్డ సూర్యకాంతిని వర్ణపటంగా విడదీసి చూశాడు. వేలికి నెత్తురు అందకుండా బిగగట్టినప్పుడు, ఆక్సిజన్ ఉన్న రక్తానికి గుర్తుగా నిలిచే రెండు నల్లని పట్టీలు మాయమయ్యాయి. చర్మం మీది వెలుతురును చూసి లోపలి నెత్తురు స్థితి చెప్పవచ్చని తేలింది. అయితే దాన్ని పరికరంగా మలచడానికి ఫోటో ఎలక్ట్రిక్ సెల్ వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. 1937లో అమెరికాలోని సెయింట్ లూయీ విశ్వవిద్యాలయంలో శరీరధర్మ శాస్త్రవేత్త ఆల్రిక్ హెర్ట్జ్‌మన్ వేలి మీద దీపం వెలిగించి, తిరిగి వచ్చే కాంతిని ఆ సెల్‌తో కొలిచాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా వేలిలో నెత్తురు పెరిగేది, అది కాంతిని మింగేది, ఆ కొలతను చూపే గీత కిందికి దిగేది. మరుసటి ఏడు ఆయన వేలి కొస, చెవి తమ్మె, నుదురు, ముఖం అంటూ ఒళ్లంతా ఇలాగే కొలిచి, ఎక్కడ నెత్తురు ఎంత ఆడుతుందో పోల్చాడు. ముఖం మీద నాడి దొరుకుతుందని డెబ్బై ఏళ్ల తర్వాత కెమెరా పట్టుకున్నవాళ్లకు ఎలా తెలిసిందంటే, జవాబు ఆయన పరిశోధన పత్రాల్లోనే ఉంది.

ఈ చరిత్రలో ఎక్కువసేపు నిలబడి చూడవలసిన మనిషి టకువో అయోయాగి. జపాన్‌లోని నిహాన్ కోడెన్ కంపెనీలో ఇంజినీరు. 1970ల మొదట్లో ఆయన కొలవాలనుకున్నది నాడినీ కాదు, ఆక్సిజన్‌నూ కాదు. నెత్తురులోకి ఒక రంగు ఎక్కించి, అది ఎంత త్వరగా పలచబడుతుందో చెవి మీది కాంతితో చూసి, గుండె ఎంత నెత్తురు తోస్తుందో లెక్కగట్టాలనుకున్నాడు. రంగు పలచబడే కొద్దీ నునుపుగా సాగవలసిన కొలత గీత మీద నాడి అలలు వచ్చి లెక్కను పాడుచేస్తున్నాయి. ఆ అలల్ని చెరిపేయడానికి ఆయన రెండు రంగుల కాంతి వాడి, ఒకదానితో రెండోదాన్ని సరిచూశాడు. అలలు పోయాయి. అయితే రక్తంలో ఆక్సిజన్ శాతం మారగానే ఆ సర్దుబాటు చెడిపోయేది, అలలు మళ్లీ తలెత్తేవి.

ఇంకొకరైతే విసుక్కుని వేరే దారి వెతుక్కునేవారు. అయోయాగి తలకిందులుగా ఆలోచించాడు. ఆక్సిజన్ మారితే అలలు మారుతున్నాయంటే, అలలను చూసి ఆక్సిజన్ చెప్పవచ్చు కదా! పైగా కొట్టుకునేది ధమనుల్లోని నెత్తురే కాబట్టి, చర్మం, కండ, ఎముక అన్నీ లెక్కలోంచి తప్పుకుంటాయి. 1974లో ఆయన ఈ సూత్రాన్ని ప్రకటించాడు. కోవిడ్ రోజుల్లో తెలుగు ఊళ్లలో వేలికి తగిలించుకుని 94 ఉందా, 95 ఉందా అని చూసుకున్న పల్స్ ఆక్సీమీటరు ఆ ఆలోచన నుంచి పుట్టిందే. ఆయన 2020 ఏప్రిల్ 18న, ఆ పరికరం కోసం ప్రపంచమంతా వెతుక్కుంటున్న నెలల్లోనే, కన్నుమూశాడు. ఎందరో తమకు తెలియకుండానే ఆయనకు రుణపడ్డారు.

వేలి క్లిప్పు నుంచి కెమెరా దాకా దారి ఐరోపాలో మొదలైంది. 2000లో జర్మనీలోని ఆఖెన్ పరిశోధకులు, 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు చర్మం మీద తమ సొంత దీపాలు వేసి కెమెరాతో నాడి అలలను చూశారు. 2007లో జపాన్‌లో టకానో, ఒహ్టా వరసగా తీసిన బొమ్మల్లోంచి గుండె వేగం లెక్కగట్టారు. వీటికి ప్రయోగశాల ఏర్పాట్లు కావాల్సివచ్చాయి. మలుపు 2008 డిసెంబర్‌లో వచ్చింది.

కాలిఫోర్నియాలోని అర్వైన్‌లో బెక్‌మన్ లేజర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే ముఖం మీద పెద్ద ఎర్రటి మచ్చలు వస్తాయి. చర్మం కింద రక్తనాళాలు ఉబ్బడం వల్ల వచ్చే ఆ మచ్చలకు లేజర్‌తో చికిత్స చేయడం అక్కడి స్టువార్ట్ నెల్సన్ పని. ఆయనతో పాటు విమ్ వెర్‌క్రౌసె, లార్స్ స్వాసాండ్ కలిసి చర్మంలో నెత్తురు కదలికను తేలిగ్గా చూసే దారి వెతికారు. అంగట్లో దొరికే మామూలు డిజిటల్ కెమెరాను వీడియో మోడ్‌లో పెట్టి, మీటరుకు పైగా దూరం నుంచి ముఖాలను తీశారు. లేజర్ లేదు, ప్రత్యేక దీపం లేదు, గదిలో ఉన్న వెలుతురే. ఆ వీడియోలోంచి గుండె వేగం, శ్వాస వేగం రెండూ బయటపడ్డాయి.

ఎలా? హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని బాగా మింగుతుంది. నెత్తురు ముఖంలోకి వచ్చిన ప్రతిసారీ తిరిగి వచ్చే ఆకుపచ్చ వెలుతురు రవ్వంత తగ్గుతుంది. కెమెరా ఒక్కో చుక్క వెలుతురును 0 నుంచి 255 దాకా అంకెల్లో రాసుకుంటుంది. నాడి తెచ్చే మార్పు ఆ అంకెల్లో ఒక్కటి కూడా ఉండదు. అందుకే ఒక్క పిక్సెల్‌ను చూస్తే ఏమీ కనపడదు. అలిపిరి మెట్ల మీద ఒక్క మనిషి గొణిగితే పక్కవాడికే వినపడదు. వేలమంది ఒకేసారి గోవింద కొడితే లోయ అవతలికి వినిపిస్తుంది. నుదుటి మీది వేల పిక్సెళ్ల సగటు తీసినప్పుడు జరిగేదీ అదే. దేనికది చేసే రొద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది, అన్నింటిలో ఉమ్మడిగా ఉన్న నాడి మాత్రం నిలుస్తుంది.

ఇందులో ఒక అదృష్టం కూడా కలిసొచ్చింది. కొడాక్ ఇంజినీరు బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ప్రకారం చాలా డిజిటల్ కెమెరాల్లో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చవే. మనిషి కన్ను ఆ రంగును బాగా పసిగడుతుందని ఆయన అలా పెట్టాడు. నాడి దాక్కున్నదీ అదే రంగులో.

2010లో ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మింగ్-జెర్ పో, డేనియల్ మెక్‌డఫ్, రోజలిండ్ పికార్డ్ ఇంకో మెట్టెక్కారు. ల్యాప్‌టాప్‌లోనే ఉండే వెబ్‌కామ్ ముందు 12 మందిని కూర్చోబెట్టారు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటిలోనూ కలగలిసిపోయిన సంకేతాలను గణితంతో విడదీసి, నాడిని వేరు చేశారు. మనిషి కొంచెం కదిలినా లెక్క నిలిచింది. 2012లో అదే ఎంఐటీలోని మరో బృందం వీడియోలోని కనపడని రంగు మార్పులను ఎన్నో రెట్లు పెంచి చూపించే పద్ధతి తెచ్చింది. నిశ్చలంగా కూర్చున్న మనిషి ముఖం ఆ వీడియోలో ఎర్రబడుతూ, పాలిపోతూ, మళ్లీ ఎర్రబడుతూ కనిపించింది. క్వింకే గోటి కింద చూసింది ఇప్పుడు ముఖమంతా పరచుకుంది.

మరుసటి ఏడు ముస్సే వంతు వచ్చింది. 2013లో ఎంఐటీలో గుహా బాలకృష్ణన్, ఫ్రెడో డురాండ్, జాన్ గుటాగ్ రంగును పక్కనపెట్టి తల కదలికను పట్టుకున్నారు. గుండె నెత్తురును మెడలోని ధమనుల ద్వారా పైకి తోసినప్పుడు తల ఎదురు కదులుతుంది. ఆ కదలికను లెక్కగట్టి నాడి చెప్పారు. ముఖానికి ముసుగు వేసుకున్నా, తల వెనక నుంచి తీసినా నాడి దొరికింది. ఒక కవి వేళ్లతో నొక్కి ఆపిన ఊగు, నూట డెబ్బై ఏళ్ల తర్వాత ఆరోగ్యవంతుల్లోనూ లెక్కకు అందింది.

ఈ విద్య ఎవరికి అందరికన్నా ఎక్కువ అవసరం? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు. వాళ్ల చర్మం ఎంత పలచన అంటే, ఎలక్ట్రోడు పట్టీ ఊడదీసేటప్పుడు జిగురుతో పాటు పైపొర ఊడివస్తుంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మయాంక్ కుమార్, అశోక్ వీరరాఘవన్, ఆశుతోష్ సభర్వాల్ 2013లో టెక్సస్ పిల్లల ఆస్పత్రికి వెళ్లి, ఒంటి నిండా తీగలతో ఉన్న పసిగుడ్లను చూశాకే ఈ పనికి పూనుకున్నారు. వెర్‌క్రౌసె, నెల్సన్ కూడా ఉన్న ఒక బృందం ఆ సంవత్సరమే 19 మంది శిశువుల నాడిని ఐసీయూలో కెమెరాతో కొలిచిన ఫలితాలు ప్రచురించింది. ఆక్స్‌ఫర్డ్‌లో లియనెల్ తారసెంకో, మారిసియో విల్లారోయల్ బృందం జాన్ రాడ్‌క్లిఫ్ ఆస్పత్రిలో 30 మంది నెలలు నిండని శిశువుల మీద 400 గంటలకు పైగా వీడియో తీసి పరీక్షించింది.

వార్డులోకి వెళ్లాక ప్రయోగశాలలో లేని చిక్కులు ఎదురయ్యాయి. ట్యూబ్‌లైటు సెకనుకు వంద సార్లు మిణుకుమంటుంది. కెమెరా సెకనుకు తీసే బొమ్మల లెక్కతో అది తగవుపడి, నాడి లాంటి దొంగ అల ఒకటి పుడుతుంది. ఆక్స్‌ఫర్డ్ బృందం దాన్ని ముఖం వెనక ఉన్న గోడ మీద కూడా కొలిచి తీసేసింది. గోడకు నాడి ఉండదు కాబట్టి అక్కడ కనిపించే అల దీపానిదే. నర్సు చెయ్యి అడ్డొస్తుంది, పాప ఏడుస్తుంది, దుప్పటి జారుతుంది. ఇంకో సంగతి: ఫోన్ వీడియోను కుదించి చిన్నది చేసే సాఫ్ట్‌వేర్, కంటికి కనపడని రంగు తేడాలను అనవసరమని పారేస్తుంది. పారేసిన ఆ చెత్తలోనే నాడి ఉంటుంది. అయోయాగి చెరిపేయబోయి ఆగిన అలల్ని, మన ఫోన్లు ఇప్పటికీ రోజూ చెరిపేస్తూనే ఉన్నాయి.

2021లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, కెమెరాతో నాడి, శ్వాస కొలిచే ఆక్సిహెల్త్ అనే బ్రిటిష్ సంస్థ సాఫ్ట్‌వేర్‌కు అనుమతి ఇచ్చింది. గదిలో ఉన్న మనిషి కదలకుండా ఉన్నప్పుడు చేసే కొలతకే ఆ అనుమతి. అదే కాలంలో ఇంకో ప్రశ్న కూడా లేచింది. ఇంగ్లండ్‌లో మానసిక చికిత్స వార్డుల పడకగదుల్లో ఇలాంటి కెమెరాలు పెట్టడాన్ని రోగుల తరఫువాళ్లు గట్టిగా వ్యతిరేకించారు. వైద్యుడు చెయ్యి పట్టుకున్నప్పుడు రోగికి తెలుస్తుంది. కెమెరా చూస్తున్నప్పుడు తెలియాలని లేదు. ఎవరి నాడినైనా వాళ్లకు చెప్పకుండానే చదవగలదు. ఈ విద్యకున్న బలమూ ప్రమాదమూ ఒకే చోట ఉన్నాయి. అడగకుండా తీసిన నాడి వైద్యం కాదు, నిఘా.

మనకు ఇంకా దగ్గరి ప్రశ్న చర్మం రంగు. చర్మంలోని మెలనిన్ వెలుతురును మింగేస్తుంది, తిరిగి కెమెరాకు చేరే కాంతి తగ్గుతుంది, అందులో నాడి వాటా ఇంకా తగ్గుతుంది. ఈ పద్ధతుల కచ్చితత్వం బాగా నల్లని చర్మం మీద పడిపోతుందని ఎవా నోవారా, మెక్‌డఫ్, వీరరాఘవన్ 2020లో చూపించారు. తొలి ప్రయోగాల్లో ఎక్కువ భాగం అమెరికా, ఐరోపాల్లో జరిగినవే. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం బృందం భారతదేశం, సియెరా లియోన్‌ల నుంచి వీడియోలు సేకరించి 2021లో ఈ పక్షపాతాన్ని పరీక్షించడం అందుకే మెచ్చుకోదగ్గ పని. అయోయాగి ఆక్సీమీటరు కూడా నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ తగ్గడాన్ని తెల్లవారితో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా గుర్తించలేకపోయిందని 2020 చివర్లో మిషిగన్ వైద్యులు బయటపెట్టారు. ఆ పరికరం ఆస్పత్రుల్లోకి వచ్చి ముప్పై ఏళ్లు దాటాక ఆ లోపం లోకం దృష్టికి వచ్చింది. కెమెరా విషయంలో అంతకాలం ఆగకూడదు.

2025 మేలో ఈ కథ హైదరాబాద్ చేరింది. నిలోఫర్ ఆస్పత్రిలో 'అమృత్ స్వస్థ్ భారత్' అనే పరికరాన్ని ప్రవేశపెట్టారు. ఫోన్ కెమెరాతో ముఖాన్ని చూసి నిమిషంలోపే నాడి, శ్వాస, ఆక్సిజన్, రక్తపోటు, హిమోగ్లోబిన్ వంటివి చెబుతుందని ప్రకటించారు. ఆశ పడడంలో తప్పు లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. సూది లేకుండా దాన్ని పట్టుకునే దారి దొరికితే అంతకన్నా కావలసిందేముంది?

కానీ నాడి, శ్వాస లెక్కల వెనక 2008 నుంచి ప్రచురితమైన, ఇతరులు మళ్లీ మళ్లీ చేసి చూసిన ప్రయోగాలున్నాయి. ముఖం రంగును బట్టి హిమోగ్లోబిన్ ఎంతో, రక్తపోటు ఎంతో చెప్పడానికి ఆ స్థాయి రుజువు ఇంకా రాలేదు. ఈ రెంటినీ ఒకే తెర మీద, ఒకే పరిమాణం అంకెల్లో చూపించడం చదివేవాళ్లను తప్పుదారి పట్టిస్తుంది. మన చర్మాల మీద, మన పల్లెల వెలుతురులో, ల్యాబ్ రక్తపరీక్షతో పక్కపక్కన పెట్టి పోల్చిన లెక్కలను ఇలాంటి పరికరాలు తెచ్చేవాళ్లందరూ ప్రచురించాలి. ఆ లెక్కలు వచ్చేదాకా ఫోన్ ఏ అంకె చూపించినా, గర్భిణులూ ఎదిగే ఆడపిల్లలూ దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించుకోవడం మానొద్దు.